‘అప్పు రేపు’ బోర్డు దగ్గర మొదలుపెట్టి సాహిత్య సిద్ధాంతం నేర్చుకోవడం ఎలా?

ఎంఏ తెలుగులోనో ఎంఏ ఇంగ్లీషులోనో చేరినవాళ్లకి, నెట్, సెట్ లాంటి అధ్యాపక అర్హత పరీక్షలు రాసేవాళ్లకి సాహిత్య సిద్ధాంతం పేపరంటే టెన్షన్. రూపవాదం, నిర్మాణవాదం, వినిర్మాణం, స్త్రీవాదం, వలసానంతరవాదం అని వరసగా పేర్లు. ఒక్కో పేరు కింద ఇద్దరు ముగ్గురు విదేశీ పండితులు, వాళ్ల పుస్తకాలు, సంవత్సరాలు. కంఠతా పట్టి రాసేస్తారు, పాసవుతారు కూడా. ఆ తర్వాత ఎవరైనా ఒక కథ చేతిలో పెట్టి ‘చదివి చెప్పు’ అంటే ‘రచయిత సమాజానికి మంచి సందేశం ఇచ్చారు’ దగ్గర బండి ఆగిపోతుంది.

ఇక్కడ వరస తిరగేద్దాం. వాదాల పేర్లు వెనక్కి, చిన్న వాక్యాలు ముందుకి. వాక్యం అర్థాన్ని ఎక్కడ పుట్టిస్తోందో వేలుపెట్టి చూపించగలిగితే పేర్లు తర్వాత వాటంతటవే కూర్చుంటాయి. విశాఖలో ఉండేవాళ్లని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను కాబట్టి ఉదాహరణలన్నీ ఇక్కడి కొట్లలోవీ గోడల మీదవీ బస్సు దారుల్లోవీ. పరీక్షలతో పనిలేకపోయినా, ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో పుస్తకావిష్కరణ సభలకి వెళ్లి వక్తలు చెప్పింది సగమే అందినవాళ్లకి కూడా ఇది పనికొస్తుంది.

ఒక నోట్‌బుక్, పెన్సిల్ దగ్గర పెట్టుకోండి. చదవాల్సిన వాక్యాన్ని ఫోన్‌లో ఫొటో తీసి ఊరుకోకుండా చేత్తో రాసుకోండి. రాస్తున్నప్పుడే కన్ను దాటేసిన అక్షరాలు ఆగి కనిపిస్తాయి.

1. ముందు రెండు మాటల బోర్డు చదవండి

పూర్ణా మార్కెట్ సందుల్లోనో కంచరపాలెంలోనో పాత కిరాణా కొట్టు ముందు ఆగండి. గల్లాపెట్టె వెనక ‘అప్పు రేపు’ అని బోర్డు ఉంటుంది. ఈమధ్య క్యూఆర్ కోడ్ స్టిక్కర్లు దాని చోటు ఆక్రమిస్తున్నాయి గానీ వెతికితే ఇంకా దొరుకుతుంది.

నోట్‌బుక్‌లో పేజీకి మధ్యలో నిలువు గీత గీసి, ఎడమవైపు ‘ఏం చెబుతోంది’, కుడివైపు ‘ఎలా చెబుతోంది’ అని రాయండి. ఎడమవైపు క్షణంలో నిండుతుంది: అప్పు ఇవ్వరు. పని అంతా కుడివైపే. బోర్డులో ‘ఇవ్వం’ అన్న మాట లేదు. లేదు, కాదు, కుదరదు కూడా లేవు. అసలు క్రియే లేదు. పైపైన చూస్తే అది హామీ: రేపు రండి, ఇస్తాం. మరి మనకి నిరాకరణ ఎక్కడ వినిపించింది? ‘రేపు’లో. ఆ మాటకి సొంత తేదీ లేదు, చదివే రోజుని బట్టి జరిగిపోతుంది. మర్నాడు వెళ్లినా బోర్డు ‘రేపు’ అనే అంటుంది. అప్పు పుట్టే రోజు ఎప్పుడూ ఒక్కరోజు దూరంలోనే ఉంటుంది. ఇది కొట్టాయనకీ తెలుసు, మనకీ తెలుసు. ఒకరికి తెలుసని ఇంకొకరికీ తెలుసు. అందుకే ఎవరూ మర్నాడు వచ్చి ‘నిన్న రేపన్నావుగా’ అని తగువు పెట్టుకోరు.

ఇప్పుడు మాటలు మార్చి చూడండి. కింద వచ్చే ప్రతి మెట్టులోనూ ఈ పరీక్ష పనికొస్తుంది, కాబట్టి ఇక్కడే అలవాటు చేసుకోండి. ‘అప్పు ఇవ్వబడదు’ అని మారిస్తే సమాచారం అదే, కానీ కొట్టాయన నవ్వు పోయి ఆఫీసు నోటీసు గొంతు వచ్చింది. ‘రుణం రేపు’ అంటే బ్యాంకు గుర్తొస్తుంది. ‘అప్పు ఎల్లుండి’ అంటే నిజంగానే ఎల్లుండి వచ్చి నిలబడేవాళ్లు ఉంటారు. అప్పు, రేపు రెండూ రెండేసి అక్షరాలు, రెండూ ‘పు’ దగ్గరే ఆగుతాయి. ఆ జంట విడిపోతే హాస్యం ఉండదు.

ఇంత చేశారంటే మీరు సొస్యూర్ గుమ్మం దాకా వచ్చేసినట్టే. ఫెర్డినాండ్ ద సొస్యూర్ జెనీవాలో భాషాశాస్త్రం చెప్పిన ప్రొఫెసర్. 1913లో ఆయన పోయాక, విద్యార్థుల నోట్సులు పోగుచేసి సహచరులు 1916లో పుస్తకం వేశారు. అందులో మనకి కావలసిన మాట ఒకటే: పదానికి విలువ దానిలోంచి రాదు, ఆ చోట వాడగలిగి ఉండీ వాడని పదాలతో దానికున్న తేడాలోంచి వస్తుంది. రుణం, బాకీ, అరువు భాషలో ఉన్నాయి కాబట్టే అప్పుకి ఆ రుచి. 1960ల్లో, వినిర్మాణానికి మూలపురుషుడైన ఫ్రెంచి తత్త్వవేత్త జాక్ డెరిడా దీన్ని ఇంకో అడుగు ముందుకు తోశాడు. అర్థం తేడాల మీదే నిలబడేటట్టయితే అది ఏ ఒక్క మాట దగ్గరా పూర్తిగా దిగదు, తర్వాతి మాటకి వాయిదా పడుతూనే ఉంటుంది అన్నాడు. డెరిడాని చదివి తల పట్టుకున్నవాళ్లు ఆ బోర్డుని ఇంకోసారి చూడొచ్చు. కొట్లో వాయిదా పడేది అప్పు, డెరిడా దగ్గర వాయిదా పడేది అర్థం. రెండూ ఒకటేనని పరీక్షలో రాసేయకండి.

2. అర్థాన్ని మూడు పొరలుగా విడదీయండి

భీమిలి రోడ్డు పొడవునా ఫ్లాట్ల హోర్డింగులు చూసే ఉంటారు. ఆ ధోరణిలో ఒక వాక్యం నేనే రాస్తాను: ‘సముద్రం ఒడిలో మీ ఇల్లు’.

దీన్ని విప్పడానికి పారిస్ దాకా పోనక్కర్లేదు. 9వ శతాబ్దపు కాశ్మీరంలో ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకం రాశాడు. మాట పైకి చెప్పకుండా తోపించే అర్థాన్నే ధ్వని అంటారు. ఆలంకారికులు, అంటే కావ్యశాస్త్ర పండితులు, తరతరాలుగా చెప్పుకున్న ఉదాహరణ ‘గంగాయాం ఘోషః’, అంటే గంగలో గొల్లపల్లె. నది నీళ్లలో పల్లె ఉండదు కదా అన్న చోట చర్చ మొదలవుతుంది. మన హోర్డింగు సరిగ్గా ఆ అచ్చులోనే ఉంది.

మొదట అభిధ, అంటే మాటల నేరు అర్థం రాయండి. సముద్రానికి ఒడి లేదు, ఉన్నా అందులో ఇల్లు కడితే మునుగుతుంది. నేరు అర్థం అడ్డం తిరిగింది. దీన్నే ముఖ్యార్థబాధ అంటారు. అడ్డం తిరిగింది కాబట్టి దానికి సంబంధం ఉన్న పక్క అర్థానికి జరుగుతాం: ఒడి అంటే ఇక్కడ దగ్గర, తీరం. ఇది లక్షణ. ఇక్కడే ఆగితే వచ్చే అర్థం ‘సముద్రానికి దగ్గర్లో మీ ఇల్లు’. అదే రాయొచ్చు కదా, ఎందుకు రాయలేదు? ఒడి అనగానే అమ్మ, భద్రత, చల్లదనం, నిద్ర తోస్తాయి. ఇందులో ఏ ఒక్క మాటా హోర్డింగు మీద లేదు. ఇది వ్యంజన. గంగ ఒడ్డున అనకుండా గంగలో అన్నందుకు చల్లదనమూ పవిత్రతా తోచాయని పెద్దలు చెప్పిందీ ఇదే. వెయ్యేళ్లు దాటిన పనిముట్టు రియల్ ఎస్టేట్ ప్రకటన మీద ఇంత శుభ్రంగా పనిచేయడం నాకు సరదాగా ఉంటుంది.

మన సిలబస్‌లలో ధ్వని ఒక పేపర్లో, సొస్యూర్ ఆలోచన మీద నిలబడ్డ నిర్మాణవాదం ఇంకో పేపర్లో ఉంటాయి. రెండు పేపర్లూ ఎక్కడా కలుసుకోవు. కలిపి చూడండి, లాభం ఉంది. అలాగని రెండూ ఒకటే అని తేల్చేయకండి. ధ్వనివాదంలో చదివేవాడు సహృదయుడు. ధ్వన్యాలోకానికి వ్యాఖ్య రాసిన అభినవగుప్తుడి లెక్కలో కావ్యాలు చదివి చదివి మనసు అద్దంలా తేటపడినవాడు. ఆధునికులు అక్కడ ఆగి ఒక ప్రశ్న వేస్తారు: ఆ సహృదయుడు ఏ ఊరివాడు, ఏం చూసినవాడు?

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటింది. ఆ రోజు ఊళ్లో ఉండి, తలుపుకి వీపు ఆనించి కూర్చున్నవాళ్లు ‘సముద్రం ఒడి’ అని చదివితే వాళ్లకి అమ్మ ఒక్కతే గుర్తురాదు. ఇతర ఊళ్ల నుంచి వచ్చి ఫ్లాటు కొనేవాళ్లకి ఆ గాలి చప్పుడు వినిపించదు. పెదజాలరిపేటలో తరాలుగా సముద్రాన్ని ఆనుకునే బతుకుతున్న కుటుంబం దీన్ని చదివితే, ‘మీ ఇల్లు’లో ఆ ‘మీ’ తమని పిలుస్తున్నట్టే ఉండదు. ఆ ఇంటికి సముద్రం ఇప్పటికే పక్కన ఉంది. కొత్తగా అమ్మడానికి అందులో ఏమీ లేదు. వాక్యం మారలేదు, ముగ్గురికీ వ్యంజన తోపించే అర్థాలు మూడు. ఎడమ గడిలో ‘అర్థం’ అని ఒక్క లైను రాసి ముగించలేమని ఇక్కడ తెలిసిపోతుంది.

3. రాసినవాళ్ల పేరు మూసిపెట్టండి

ఇది చిన్న మెట్టు. కథ చదివేముందు రచయిత పేరు మీద వేలు పెట్టండి. పేరు కనిపించిన మరుక్షణం ఆయన పార్టీ, ఆమె కులం, ఏ ఉద్యమంలో తిరిగారో అన్నీ గుర్తొచ్చి, మనం కథని వదిలేసి మనిషిని చదవడం మొదలుపెడతాం. మన సభల్లో సగం ప్రసంగాలు అంతే. రచయిత ఉద్దేశం మనకి పూర్తిగా దొరకదనీ, దొరికినా రచన బాగోగులకి అది కొలత కాదనీ విమ్‌సాట్, బియర్డ్‌స్లీ అనే ఇద్దరు అమెరికన్లు 1946లో వాదించారు. ఫ్రెంచి విమర్శకుడు రోలాండ్ బార్త్ 1967లో ఇంకా గట్టిగా, రచయిత చనిపోతేనే పాఠకుడు పుడతాడన్నాడు. మూయమన్నది కాసేపటికే. మొదటిసారి చదివి నోట్సు రాసుకున్నాక వేలు తీసేయండి. దళిత, స్త్రీవాద సాహిత్యాల విషయంలో ఎవరు మాట్లాడుతున్నారన్నదే అసలు సంగతి అయినప్పుడు, పేరు చివరిదాకా మూసే ఉంచడం అన్యాయం కూడా.

4. పేరు లేని రచన ఒకటి తీసుకుని పూర్తిగా విప్పండి

రచయిత బెడద లేని రచన కావాలంటే నినాదం చాలు. విశాఖలో ఏది తీసుకోవాలో చెప్పనక్కర్లేదు: ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’. గొంతెత్తి అరిచేవాళ్లందరిదీ ఇది. ఎవరు రాశారని అరిచేటప్పుడు ఎవరూ ఆగి అడగరు. దీని దగ్గర కాస్త ఎక్కువసేపు కూర్చోండి, ఫలితం ఉంటుంది.

మొదట చెవితో. నాలుగు మాటలు, క్రియ లేదు. మాత్రలు లెక్కపెట్టండి, లఘువుకి ఒకటి, గురువుకి రెండు. ‘విశాఖ’ నాలుగు, ‘ఉక్కు’ మూడు. ‘ఆంధ్రుల’ నాలుగు, ‘హక్కు’ మూడు. రెండు సగాలూ ఏడేడు మాత్రలు, లోపలి విరుపు కూడా ఒకే చోట. ఊరేగింపులో ఒకరు మొదటి సగం అందిస్తే జనం రెండో సగం అందుకోవడానికి ఇది తయారుగా ఉంది. ఛందస్సు క్లాసులో గురులఘువులు ఎందుకురా బాబూ అని విసుక్కున్నవాళ్లకి ఇదిగో ఉపయోగం.

తర్వాత ప్రాస. ఉక్కు, హక్కు. ఈ రెండు వస్తువులకీ లోకంలో ఏ సంబంధమూ లేదు, ఒకటి లోహం, ఇంకొకటి న్యాయం. శబ్దం వాటిని అతికించింది. ‘అనేది’, ‘కాబట్టి’, ‘ఎందుకంటే’ ఒక్కటీ లేకుండా నినాదం ఒక వాదన చేసేసింది, ఆ వాదనకి ప్రాసే సాక్ష్యం. తెలుగులో క్రియ లేకుండా వాక్యం నిలబడుతుంది కాబట్టి ‘అవుతుంది’, ‘కావాలి’, ‘అయింది’ల్లో ఏదో ఒకటి ఎంచుకోవాల్సిన అవసరం కూడా తప్పింది. ఆ ఖాళీ ఎంత పనికొచ్చిందో కాసేపట్లో చూస్తారు.

ఇక మాటలు మార్చే పరీక్ష. ‘వైజాగ్ ఉక్కు’ అనండి. మాత్రలు చక్కగా సరిపోతాయి, నాలుగూ మూడే. అయినా చప్పబడింది. వైజాగ్ అనేది మనం బస్సు టికెట్ దగ్గరా ఫోన్‌లోనూ వాడే పేరు. విశాఖ అంటే బోర్డుకీ వేదికకీ ఎక్కే పేరు. ఊరు ఒకటే, గొంతులు వేరు. ‘ఆంధ్రుల కోరిక’ అంటే ప్రాసతోపాటు పట్టుదల పోయి అర్జీ మిగులుతుంది. ‘విశాఖ ఉక్కు విశాఖ హక్కు’ అంటే ఒక ఊరి గొడవై కూర్చుంటుంది. అసలు నినాదం మొదటి సగంలో ఊరిని పెట్టి, రెండో సగంలో జనాన్ని పెట్టింది. ఒక చోట కట్టే కర్మాగారం ఏడు మాత్రలు దాటేసరికి అందరిదీ అయిపోయింది.

ఇంతవరకూ వాక్యం లోపలే ఉన్నాం. ఇప్పుడు తేదీలు తెచ్చుకోండి. 1966లో ఈ నినాదంతో ఉద్యమం నడిచింది, 32 మంది ప్రాణాలు పోయాయి. 1970 ఏప్రిల్‌లో ఇందిరా గాంధీ పార్లమెంటులో ప్లాంటు విశాఖకి ఇస్తున్నట్టు ప్రకటించారు, 1971 జనవరి 20న శంకుస్థాపన చేశారు. 2021 జనవరిలో కేంద్రం ప్లాంటులో పెట్టుబడులు ఉపసంహరించుకోవాలని నిర్ణయించాక అవే నాలుగు మాటలు మళ్లీ ఫ్లెక్సీలకి ఎక్కాయి. 1966లో వాటి అర్థం ‘మాకు కట్టండి’. 2021లో ‘ఉన్నదాన్ని అమ్మకండి’. ఒక్క అక్షరం మారకుండా అడగడం కాస్తా అడ్డుకోవడం అయింది. క్రియ లేకపోవడం ఇక్కడ అక్కరకొచ్చింది: ‘హక్కు కావాలి’ అని రాసి ఉంటే 2021లో పనికొచ్చేది కాదు. ‘ఆంధ్రులు’ అన్న మాట అర్థం కూడా అక్కడే ఆగలేదు. 1966లో ఆంధ్రప్రదేశ్ అంటే తెలంగాణ కలిసి ఉన్న రాష్ట్రం. 2014 తర్వాత ఆ మాట చుట్టుకొలత వేరు. ఒక కాలపు పాఠకులు రచన దగ్గరికి తమ ఎదురుచూపులతో వస్తారనీ, కాలం మారితే ఆ ఎదురుచూపుల పరిధి మారి అర్థమూ మారుతుందనీ జర్మనీలో హాన్స్ రాబర్ట్ యౌస్ చెప్పాడు. ఆయన వ్యాసం చదివేటప్పుడు ఈ రెండు సంవత్సరాలూ మార్జిన్‌లో రాసుకోండి, సులువుగా ఎక్కుతుంది.

చివరి ప్రశ్న అన్నిటికన్నా కష్టం: ఈ వాక్యంలో ఎవరు లేరు? ప్లాంటు కోసం ఊళ్లూ పొలాలూ ఇచ్చేసినవాళ్లున్నారు. నిర్వాసితులు, ఆర్ కార్డు (పునరావాస కార్డు) దారులు అని గాజువాక ప్రాంతంలో ఎవరినడిగినా చెబుతారు. ఉద్యోగాల కోసం వాళ్లు చేసిన ఆందోళనలు వేరే కథ. ‘ఆంధ్రుల హక్కు’లో ఆంధ్రులుగా వాళ్లూ ఉన్నారు, కానీ భూమి ఇచ్చినవాళ్లుగా వాళ్లకున్న హక్కు ఆ మాటలో వినిపించదు. పెద్ద బహువచనం చిన్న బహువచనాన్ని మింగేసింది. అణగారినవాళ్లు మాట్లాడగలరా అని వలసానంతరవాద విమర్శకురాలు గాయత్రీ చక్రవర్తి స్పివాక్ 1988లో అడిగిన ప్రశ్న ఇలాంటి చోట పెట్టి చూడాలి. నినాదం తప్పని దీనర్థం కాదు. ప్రతి ‘మనం’కీ అంచులుంటాయి, ఆ అంచు ఎక్కడుందో గీసి చూపించడం చదివేవాళ్ల పని. ఉద్యమం మీద గౌరవం ఉన్నవాళ్లకి ఈ భాగం ఇబ్బందిగా ఉండొచ్చు, అయినా దాటేయకండి.

5. కథ అయితే చూపు ఎవరిదో, కాలం ఎలా నడిచిందో అడగండి

ఈ మెట్టు కోసం చిన్న ముక్క రాశాను. ఒకసారి గట్టిగా చదవండి.

బోటు ఆదివారం రావాలి. మంగళవారం తెల్లారగట్ల నూకాలు తట్ట పట్టుకుని ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లింది. జెట్టీ మీద వేలం జోరుగా సాగుతోంది. ‘కానాగంతలు సవగ్గా ఉన్నాయి, కొనవేటే వదినా?’ అంది పక్కనున్నామె. ‘మావోడు తెస్తాడు’ అంది నూకాలు. తట్ట బోర్లించి దాని మీద కూర్చుంది. ఎండెక్కింది.

ముందు జరిగినవాటిని జరిగిన వరసలో రాసుకోండి. బోటు బయల్దేరింది, ఆదివారం రాలేదు, సోమవారం గడిచింది, మంగళవారం ఆమె వెళ్లింది. ఇది కథ. కాగితం మీద ఉన్నది కథనం. రెంటినీ పక్కపక్కన పెట్టగానే సోమవారం మాయమైందని తెలుస్తుంది. ఆ ఒక్క రోజు నూకాలు ఏం చేసిందో, ఎవరినడిగిందో రాయలేదు. ‘ఎండెక్కింది’ అనే ఒక్క మాటలో గంటలు గడిచిపోయాయి. ఏ సంఘటనకి ఎంత చోటు ఇచ్చారన్నదాన్ని ఫ్రాన్సులో జెరార్ జెనెట్ 1972లో శాస్త్రంగా పేర్చాడు. వరస, నిడివి, ఎన్నిసార్లు చెప్పారు, ఎవరి కళ్లతో చూశారు, ఎవరి గొంతుతో చెప్పారు. ఇతని ప్రశ్నలు పొడిగా కనిపిస్తాయి గానీ కథ చదివేవాళ్లకి ఇంతకన్నా పనికొచ్చే సిద్ధాంతకర్త నాకు తెలియదు.

తర్వాత ఖాళీలు వెతకండి. ‘మావోడు’ భర్తా, కొడుకా? బోటు ఎందుకు రాలేదు? నూకాలు భయపడుతోందా? ఒక్కదానికీ జవాబు రాసి లేదు. అయినా మీరు చదువుతూనే జవాబులు నింపేసుకున్నారు. జర్మన్ విమర్శకుడు వోల్ఫ్‌గాంగ్ ఈజర్ ఇదే చెప్పాడు: రచనలోని ఖాళీలు పాఠకుణ్ని పనిలోకి లాగుతాయి, అర్థం ఆ పనిలో తయారవుతుంది. తట్ట బోర్లించడం దగ్గర పెన్సిల్‌తో గీత పెట్టండి. చేపలు వేసుకోవాల్సిన తట్ట పీట అయింది. ‘ఆమె ఆందోళనగా ఉంది’ అని ఒక వాక్యం చేరిస్తే ఆ తట్టకి పని పోతుంది. చేర్చి చూడండి, మీకే తెలుస్తుంది.

ఇప్పుడు అదే ముక్కని పక్కనున్నామె చెబుతున్నట్టు తిరగరాయండి. పది నిమిషాల పని. ఆమెకి సోమవారం సంగతి తెలిసి ఉంటే? తెలిసీ కావాలనే చేపల మాట ఎత్తిందా? ‘సవగ్గా ఉన్నాయి’ అన్నమాట అప్పుడు జాలిగా వినిపిస్తుందా, ఎత్తిపొడుపుగానా?

ఇంకో సంగతి. పై ముక్కలో కథ చెప్పే గొంతు పత్రికల తెలుగులో ఉంది, మనుషుల మాటలు ఉత్తరాంధ్ర యాసలో ఉన్నాయి. ఈ పంపకం మనకి ఎంత అలవాటంటే కనిపించనే కనిపించదు. చెప్పేవాళ్లది ఒక భాష, చెప్పబడేవాళ్లది ఇంకో భాష. ఆ కొటేషన్ గుర్తులు కథలోని మనుషులకీ కథకుడికీ మధ్య కంచె అవుతున్నాయా? కథకుడు కూడా ‘కూకుంది’ అంటే ఏం మారుతుంది? విశాఖలో లాయరుగా ఉంటూ కథలు రాసిన రావిశాస్త్రిని ఈ ప్రశ్న పట్టుకుని మళ్లీ చదవండి. యాస ఎక్కడ కొటేషన్ గుర్తులు దాటి కథకుడి గొంతులోకి వస్తోందో గీతలు పెట్టుకుంటూ వెళ్లండి.

6. ఒక ఆట ఆడి చూడండి

ఇది నలుగురు స్నేహితులుంటే బాగుంటుంది. ఈ కింది పంక్తుల్ని ఒక కాగితం మీద కవితలా రాసి, ఊరికి కొత్తగా వచ్చిన తెలుగు విద్యార్థికి ఇవ్వండి. ‘ఇది ఒక భక్తి కవిత, వ్యాఖ్యానించు’ అనండి.

మద్దిలపాలెం
ఇసుకతోట
హనుమంతవాక
ఎండాడ
మధురవాడ
ఆనందపురం

ఊరివాళ్లు నవ్వేస్తారు, ఇవి బస్‌స్టాపులు. కొత్తవాళ్లు మాత్రం మొదలుపెట్టేస్తారు. ఇసుకతోట అంటే ఏమీ పండని సంసారం. హనుమంతుడి పేరిట వాగు, అంటే గురువు సాయం. తర్వాత ఎండ, అంటే తపస్సు. ఆ తర్వాత మాధుర్యం, చివరికి ఆనందపురం, మోక్షం. నిజం చెప్పాలంటే వ్యాఖ్యానం బాగానే ఉంది!

ఈ ఆట నాది కాదు. 1971లో స్టాన్లీ ఫిష్ అనే అమెరికన్ ప్రొఫెసర్ ఒక క్లాసుకి చదవాల్సిన భాషావేత్తల పేర్లు బోర్డు మీద రాశాడు. తర్వాతి క్లాసు 17వ శతాబ్దపు భక్తి కవిత్వం చదివేవాళ్లది. వాళ్లతో ఇది అలాంటి కవితే అన్నాడు. వాళ్లు విడమర్చి చెప్పేశారు. కవిత కాబట్టి అలా చదవడం లేదు, అలా చదవడం నేర్చుకున్నాం కాబట్టి కవిత అవుతోంది అని ఫిష్ తేల్చాడు. నేర్పింది ఒక బృందం: మన క్లాసురూములు, సభలు, పత్రికలు.

ఆటలో ఇంకో లాభం ఉంది. రోజూ కండక్టర్ నోట విని పట్టించుకోని పేర్లలో తోటా వాగూ పురమూ ఇప్పుడు మీకూ కనిపించాయి. అలవాటుపడ్డ వస్తువుని కొత్తగా కనిపించేటట్టు చేయడమే కళ పని అని రష్యాలో విక్టర్ ష్క్లోవ్‌స్కీ 1917లో రాశాడు. దీన్ని మనవాళ్లు అపరిచితీకరణ అంటున్నారు. మాట బరువుగా ఉంది, పని మాత్రం ఇదే.

అయితే ఎవరికి తోచింది వాళ్లు చెప్పేయొచ్చా? ఇక్కడ నేను ఫిష్‌తో పూర్తిగా వెళ్లను. ఆ మోక్షం వ్యాఖ్యానంలో మద్దిలపాలెం ఎక్కడుంది? మొదటి పంక్తినే వదిలేసింది. ఎండాడని ఎండగా మార్చుకుంది. ఒక వ్యాఖ్యానాన్ని పరీక్షించాలంటే అది వదిలేసిన మాటలు లెక్కపెట్టండి. ఎక్కువ మాటల్ని కలుపుకుని, తక్కువ మాటల్ని వంచే చదువే మెరుగైన చదువు. ‘నా ఫీలింగ్ అది’ అనేవాళ్లని ‘ఏ పంక్తిలో?’ అని అడగండి. మిమ్మల్ని మీరు కూడా.

7. ఒక పేజీ రాయండి, ఆ తర్వాత పుస్తకాలు తెరవండి

చదివింది రాయకపోతే ఆవిరవుతుంది. మీకు నచ్చిన చిన్న కథ తీసుకుని ఒకే ఒక్క పేజీ రాయండి. మొదటి వాక్యం ‘ఈ కథలో ఫలానా చోట ఫలానా మాట ఉంది, అది లేకపోతే ఇలా అయ్యేది’ అని ఉండాలి. మొదటి డ్రాఫ్టులో ఏ వాదం పేరూ రాయకండి. ‘వినిర్మాణ దృక్పథంతో పరిశీలించినట్లయితే’ అని మొదలైన వాక్యం సాధారణంగా ఎటూ వెళ్లదు. రాశాక ‘చక్కగా’, ‘అద్భుతంగా’, ‘హృద్యంగా’ కొట్టేయండి. అవి కొట్టేశాక పేజీలో ఏమీ మిగలకపోతే మళ్లీ నిలువు గీత గీసుకుని రెండు గడులూ నింపుకోవాల్సిందే.

ఇప్పుడు పేర్ల దగ్గరికి వెళ్లండి. సిద్ధాంతకర్తల అసలు వ్యాసాల్లో బార్త్‌ది ముందు చదవండి, చిన్నది, చురుగ్గా ఉంటుంది. ఈజర్, యౌస్ తర్వాత. డెరిడాని ఆఖరికి ఉంచుకోండి. తెలుగులో కథ మీద పనిచేయాలంటే వల్లంపాటి వెంకటసుబ్బయ్య కథాశిల్పం చేతికందే దూరంలో పెట్టుకోండి. పాత కావ్యాల వైపు ఆసక్తి ఉంటే కట్టమంచి రామలింగారెడ్డి కవిత్వతత్త్వ విచారము తీయండి. 1926లో పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి మొదటి వైస్ ఛాన్సలర్ ఆయనే. ఈ పుస్తకంలో పింగళి సూరన కళాపూర్ణోదయాన్ని తీసుకుని, కవిత్వం అంటే ఏమిటి, కథ ఎలా అల్లాలి అని మొహమాటం లేకుండా తర్కించారు. ఆయన తీర్పులతో చాలాచోట్ల మీకు చిర్రెత్తుతుంది. ఎత్తనివ్వండి, ఎక్కడెత్తిందో పేజీ నంబరు రాసుకోండి. వర్సిటీలో డాక్టర్ వీఎస్ కృష్ణా లైబ్రరీ ఉంది, ఊళ్లో పౌర గ్రంథాలయం ఉంది. పరీక్షకి రాసేవాళ్లయితే రెండో డ్రాఫ్టులో వాదాల పేర్లు చేర్చుకోండి, మార్కులు వాటికీ ఉంటాయి. ఒక్కో పేరునీ మీరు ముందే గీత పెట్టుకున్న మాట పక్కనే చేర్చండి. పక్కన పెట్టడానికి మాట దొరకని పేరుని ఆ జవాబులోకి తేకండి.